కానివాళ్ళ గది

దౌగవ్‌పిల్స్‌లో, చెప్పులు బాగుచేసే కొట్టు పైన
మూడో అంతస్తు.
మెట్ల దీపం నలభై సెకన్లే వెలుగుతుంది.
ముసలివాళ్ళకి రెండో మలుపులోనే చీకటి.
అక్కడ గోడ తడిమి, మీట వెతికి, మళ్ళీ నొక్కాలి.
ఆ మలుపులో సున్నం
అరచెయ్యంత మేర నల్లబడిపోయింది.

సోమవారం, గురువారం తెరుస్తారు.
రెండు బల్లలు, మూత పోయిన కెటిల్,
తలుపు పడని బీరువా నిండా దరఖాస్తుల నకళ్ళు.
స్తనిస్లావా గారు ప్రభుత్వ నోటీసుల్ని
మందుల చీటీ చదివినట్టు చదివి చెబుతారు,
నెమ్మదిగా, రెండుసార్లు.
ఇల్గ్‌వార్స్ జవాబులు రాస్తాడు.
ఇద్దరికీ జీతం లేదు.
అద్దె మాత్రం ఉంది.

ఈ గురువారం మకార్ వచ్చాడు.
ఊదారంగు పాస్‌పోర్టు బల్ల మీద పెట్టాడు,
దాని మీద టోపీ పెట్టాడు,
ఎవరైనా చూస్తారేమో అన్నట్టు.

ఈ ఊరి ఆసుపత్రిలోనే పుట్టాడు.
ఈ ఊరి ట్రాము పట్టాలకి
ముప్ఫై ఒక్క ఏళ్ళు వెల్డింగు చేశాడు.
ట్రాము టికెట్టు ధర పెంచే కౌన్సిలుకి
ఓటెయ్యడానికి మాత్రం పనికిరాడు.
పౌరుడు కాడు. విదేశీయుడూ కాడట.
దేశం లేనివాడు కూడా కాడట.
మరి నేనెవర్నని అతను అడగలేదు.
ఆ ప్రశ్న అరిగి చాలా కాలమైంది.
అడిగింది వేరే:
"నా పేరు చివర ఈ 'స్' ఎందుకు?"

మకార్స్.
"మా అమ్మ పిలిచింది మకార్ అని.
రాయి చెక్కేవాడు పాస్‌పోర్టు చూసి చెక్కుతాడు.
రేపు సమాధిలో ఎవరో పడుకుంటారు,
పైన ఇంకెవరిదో పేరు."

నా భాషలోనూ ఉందిది.
రాముడికి డు, సోముడికి డు, పౌరుడికీ డు.
డు ము వు లు ప్రథమా విభక్తి అని
బళ్ళో గొంతెత్తి వల్లెవేశాం.
విభక్తి అంటే విడదీయడం కూడానని
పంతులుగారు చెప్పలేదు.
అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో
అనే సామెత మాత్రం
ఎవరూ చెప్పకుండానే వచ్చేసింది.

"నీకూ ఉందిగా చివర?" అన్నాడు మకార్.
"మా అమ్మ పెట్టింది," అన్నాడు ఇల్గ్‌వార్స్.

తర్వాత కాసేపు మాట్లాడలేదు.
అతని సొరుగులో నాయనమ్మ ఉత్తరముంది,
సైబీరియా నుంచి, కాగితం దొరక్క
బిర్చి చెట్టు బెరడు మీద రాసింది.
పశువుల పెట్టెలో ఎక్కించినవాళ్ళు
మకార్ భాషలోనే ఆమెని పేరు పెట్టి పిలిచారు.
ఆ పేరు పక్కనా ఏదో తగిలించారట,
ఆమెది కానిది.
ఈ గదికి వస్తున్నాడని
సొంత అన్న మాట్లాడక తొమ్మిదేళ్ళు.

సొరుగు మూశాడు. కాగితం తీశాడు.
"రెండుసార్లు ఓడాం దీని మీద. రాద్దాం."
"గెలుస్తామా?"
"ఏమో. అడిగినట్టు తారీఖైనా పడుతుంది."

స్తనిస్లావా గారు టీ పోశారు.
మకార్ సంతకం పెట్టాడు, స్ లేకుండా.
అలా చెల్లదని ఆవిడ అన్నారు.
తెలుసన్నాడు.
ఇంకో నకలు తీసి, స్‌తో కూడా పెట్టాడు.
రెండూ పంపారు.

సోమవారం గది తెరవకముందే
మెట్ల మీద చప్పుడు.
మకార్ స్టూలెక్కి దీపం పెట్టె విప్పుతున్నాడు,
పళ్ళ మధ్య స్క్రూలు.
ఇంటి యజమానిని అడగలేదు,
మున్సిపాలిటీని అడగలేదు.
నలభైని తొంభై చేసి దిగిపోయాడు.

జవాబింకా రాలేదు.
దీపం మాత్రం ఇప్పుడు
మూడో అంతస్తు దాకా వస్తోంది.
అయినా ఆ మలుపు దగ్గరికి రాగానే
ముసలివాళ్ళ చెయ్యి గోడ మీదికే పోతుంది,
ఆ నల్లటి మరక మీదికే,
వెలుగులోనే.